గెలుపును గీయని బొమ్మల కథ

మిత్సురు అదాచి గీసిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ‘టచ్’ మొత్తం 26 సంపుటాలు. 1981 నుంచి 1986 దాకా ‘షోనెన్ సండే’ అనే జపాన్ వారపత్రికలో వచ్చింది. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే పిల్లల కథ ఇది. మొదటి నుంచీ అందరి నోటా ఒకటే పేరు, కోషియెన్. ఆ మైదానంలో జరిగే జాతీయ పోటీలకు చేరడమే వాళ్ళ కల. ఆఖరికి కథానాయకుడి జట్టు అక్కడికి చేరుతుంది, దేశానికే విజేత అవుతుంది. అయితే అక్కడ ఆడిన ఆటల్లో ఒక్కదాన్ని కూడా అదాచి గీయలేదు. విజేతలకిచ్చిన జ్ఞాపిక ఒకటి చూపించి ఊరుకున్నారు. దాన్నిబట్టి గెలిచారని మనమే తెలుసుకోవాలి. అన్నేళ్ళు వారం వారం ఎదురుచూసిన పాఠకులకు ఇది అన్యాయం కాదా అని ఎవరైనా అడగవచ్చు. నా దృష్టిలో మాత్రం ఈ కథ గొప్పతనమంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

కోషియెన్ అంటే జపాన్ వాళ్ళకు ఏమిటో తెలిస్తే గానీ ఆ నిర్ణయం బరువు అందదు. హైస్కూలు జట్ల జాతీయ పోటీలు 1915లో మొదలయ్యాయి. 1924లో నిషినోమియాలో కోషియెన్ స్టేడియం కట్టాక అక్కడికి మారాయి. వేల స్కూళ్ళు ప్రాంతీయ పోటీల్లో తలపడితే, ఆగస్టు ఎండల్లో అక్కడికి చేరేవి 49 జట్లు. ఒక్క ఆట ఓడితే ఇంటికే. ఆట మొదలయ్యేటప్పుడు సైరన్ మోగుతుంది, ముగిశాక మళ్ళీ మోగుతుంది. ఓడిన పిల్లలు ఏడుస్తూ మోకాళ్ళ మీద కూర్చుని అక్కడి నల్లమట్టిని సంచుల్లోకి ఎత్తుకుంటారు. ఆఖరి సంవత్సరం చదివేవాళ్ళకు మళ్ళీ ఆడే అవకాశమే లేదు. పదిహేడేళ్ళ కుర్రాడి పేరు నాలుగు రోజుల్లో దేశమంతా పాకిపోతుంది. ఆ వయసు భుజాల మీద స్కూలు, ఊరు, కన్నవాళ్ళు, పాత విద్యార్థులు అందరూ ఎక్కి కూర్చుంటారు.

‘టచ్’ మాట్లాడేది ఆ బరువు గురించే. తత్సుయా, కజుయా కవలలు. పక్కింటి మినామి వాళ్ళ ఈడుదే. రెండిళ్ళ మధ్య పిల్లలకోసమే కట్టించిన చిన్న గదిలో ముగ్గురూ ఆడుకుంటూ, చదువుకుంటూ పెరిగారు. కోషియెన్ చూడాలన్నది మినామి చిన్ననాటి కోరిక. తమ్ముడు కజుయా ఆ కోరికను నెత్తిన పెట్టుకుని కష్టపడి పిచర్ అయ్యాడు. క్రికెట్లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్లో పిచర్ అలాగ. ఇంకా చెప్పాలంటే ఆటంతా అతని చేతిలోనే ఉంటుంది. అన్న తత్సుయా బద్ధకస్తుడని ఇంటా బయటా పేరు. నిజానికి తమ్ముడికి అడ్డు రాకూడదని పక్కకు తప్పుకుంటూ వచ్చాడు, మినామి విషయంలో కూడా.

హైస్కూలు మొదటి ఏడాదే కజుయా జట్టు ప్రాంతీయ ఫైనల్‌కు చేరింది. ఆ పొద్దున మైదానానికి వెళ్తూ, దారిలో ఒక పిల్లవాణ్ణి కాపాడబోయి కజుయా చనిపోతాడు. ఆ ప్రమాదాన్ని కూడా అదాచి గీయలేదు. రావలసిన పిచర్ రాకుండానే ఆట మొదలవుతుంది. ఆసుపత్రిలో తత్సుయా తమ్ముడి పక్కన నిలబడి, నిద్రపోతున్నవాడి గురించి చెబుతున్నట్టు మినామితో మెల్లగా మాట్లాడతాడు. మినామి రైలు వంతెన కింద నిలబడి ఏడుస్తుంది. పైన రైలు పోతూంటుంది, ఆమె గొంతు మనదాకా రాదు. అదాచి పేజీల్లో ఆకాశం, ఇళ్ళ కప్పులు, కరెంటు తీగలు మాటల్లేకుండా కనిపిస్తూ ఉంటాయి. నవ్వించే సన్నివేశాల మధ్య ఊపిరి తీసుకోవడానికనిపించిన ఆ ఖాళీ, ఈ అధ్యాయాల దగ్గర దుఃఖానికి చోటిస్తుంది. బొమ్మల కథల్లో మరణాన్ని ఇంత మర్యాదగా చెప్పినవాళ్ళు అరుదు.

తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం సులువే. బాక్సింగ్ క్లబ్బులో ఉన్న తత్సుయా తమ్ముడి స్థానంలోకి వస్తాడు. అసలు కథ ఇక్కణ్ణుంచే. పిచర్ విసిరిన బంతిని అందుకునే క్యాచర్ మత్సుదాయిరా తమ్ముడికి ప్రాణస్నేహితుడు; మొదట్లో తత్సుయాను దగ్గరికే రానివ్వడు. మొహం అదే, చొక్కా అదే, మనిషి వేరు. చూసే ప్రతివాళ్ళూ పోయినవాణ్ణే వెతుక్కుంటారు. ఒక ఇంట్లో బిడ్డ పోతే మిగిలిన బిడ్డ మీద పడే చూపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఈ భాగం చదవడం కష్టం.

పెద్ద కోచ్ జబ్బుపడితే తాత్కాలికంగా కషివాబా అనే ఆయన వస్తాడు. జట్టును నాశనం చేయాలనే వస్తాడు. ఒకప్పుడు తన అన్న చేసిన తప్పును మీదేసుకుని ఆటకే దూరమైనవాడు. క్రూరంగా తోముతాడు. మినామిని జట్టు మేనేజర్ పనిలోంచి తీసేస్తాడు. అయినా తోడబుట్టినవాడి నీడలో బతకడమంటే ఏమిటో అక్కడ ఆయనకే తెలుసు. ప్రాంతీయ ఫైనల్లో, మొండి ప్రత్యర్థి నిత్తాకు ఎదురుగా, తత్సుయా తమ్ముడిలా విసరడం మాని తనలా విసురుతాడు. తమ్ముడి మాట చెల్లించాడు, తన ఆట తాను ఆడాడు. ఆ తర్వాత జాతీయ పోటీలు గీసి ఉంటే స్కోర్లు తప్ప కొత్తగా చెప్పడానికేమీ ఉండేది కాదు. అదాచి అందుకే కలం దించేశారు.

కథ బయటి జపాన్ ఆ వివేకం చూపడానికి చాలాకాలం పట్టింది. 1998 కోషియెన్ క్వార్టర్ ఫైనల్లో యోకోహామా స్కూలు కుర్రాడు దైసుకే మత్సుజాకా 17 ఇన్నింగ్స్ ఒక్కడే ఆడి 250 బంతులు విసిరాడు. అంతకుముందు రోజు కూడా పూర్తి ఆట ఆడినవాడే. రెండు రోజుల తర్వాత ఫైనల్లో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. జనం వీరగాథలా చెప్పుకున్నారు. నాకైతే ఆ లెక్క వింటే భయం వేస్తుంది. పెద్దవాళ్ళ పులకింత కోసం ఎదిగే పిల్లవాడి భుజాన్ని ఖర్చుపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఒక పిచర్ వారంలో 500 బంతులకు మించి విసరకూడదన్న నియమం 2020లో గానీ రాలేదు.

మినామి విషయంలో ఈ కథతో నాకు పేచీ ఉంది. ఆమె కల ఎప్పుడూ ఎవరో ఒక అబ్బాయి తీర్చవలసిన కలే. కానీ ఆ లోపం అదాచిది మాత్రమే కాదు. ఆ రోజుల్లో ఆడపిల్ల కోషియెన్‌లో ఆడడం అటుంచి, స్కోరు రాయడానికి కూడా బెంచీ మీద కూర్చోనిచ్చేవారు కాదు. దానికి అనుమతి 1996లో వచ్చింది. అదాచి ఆమెకు రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఇచ్చారు; అందులో ఆమె ఎవరి మీదా ఆధారపడకుండా ఎదుగుతుంది. అది మంచి పని. బేస్‌బాల్ మాత్రం ఆమెకు దక్కలేదు. హైస్కూలు అమ్మాయిల జాతీయ ఫైనల్ తొలిసారి కోషియెన్ మట్టి మీద జరిగింది 2021లో. అబ్బాయిల పోటీల్లో జట్టులో చోటు సంపాదించుకోగల అమ్మాయి ఉన్నా నియమం ఒప్పుకోదు. వందేళ్ళు దాటిన పోటీలు నడుపుతున్నవాళ్ళు ఆ ఒక్క నియమాన్ని ఎత్తేయాలి. ఆడగలిగిన పిల్ల ఆడనీ.