ఎంతుందో చెప్పరేం?

"కొంచెం బీపీ ఉందమ్మా, ఈ గోలీలు వేసుకో." చిల్కానగర్ గల్లీల్లో ఎంతమందికి దక్కిందీ ఇంతే! ఎంతుందని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్లకెవరూ చెప్పలేదు, చీటీ మీదా రాయలేదు. గుండె వాళ్లది, కిడ్నీలు వాళ్లవి, రేపు పక్షవాతమొస్తే మంచాన పడేదీ వాళ్లే. ఆ అంకె వాళ్లకు చెప్పడానికి నోరెందుకు రాదు?

పోనీ, సరిగా కొలుస్తారా? నాచారంలో నైట్ షిఫ్టు దిగి, చాయ్ తాగి, మెట్లెక్కి వచ్చినవాణ్ని వీపు ఆనని స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా మీదే పట్టీ చుట్టేస్తారు. చెయ్యి కిందికి వేలాడుతుంటుంది, పక్కనుంచి ఏదో అడుగుతూనే ఉంటారు. చెయ్యి గుండె కన్నా కిందికున్నా, మాట్లాడుతున్నా అంకె పెరుగుతుందని అక్కడున్నవాళ్లకు తెలియదా? అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ ముట్టకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం ఆగి మళ్లీ చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఏళ్ల తరబడి మింగాల్సిన గోలీ రాయడానికి ముందు అయిదు నిమిషాలు ఇవ్వలేరా?

బీపీ అదుపు కోసం 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. బస్తీ దవాఖానాల్లో పరీక్షా, గోలీలూ ఉచితం. అయినా ఏం లాభం? ప్రపంచంలో బీపీ ఉన్న పెద్దల్లో అదుపులో ఉన్నది అయిదుగురిలో ఒక్కరికేనని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

ఇళ్లలోవాళ్ల మీదా నాకు కోపమే. "తల తిరగట్లేదు కదా" అని నాన్న గోలీలు ఆపేస్తే ఒక్కరూ అడగరు. తల తిరగకుండానే, నొప్పి తెలియకుండానే రక్తనాళాలు దెబ్బతింటాయి. అమ్మ అన్నంలో ఆవకాయ, పక్కన అప్పడం; ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దన్న మాట ఎవరికీ పట్టదు. జబ్బ మీద చుట్టే మిషన్ ఒకటి కొని పొద్దునా సాయంత్రం చూసి రాసి పెట్టండి. దవాఖానాలో 140/90 హద్దయితే, ఇంట్లో 135/85. పదేపదే అది దాటుతుంటే ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి.

దవాఖానాకు వెళ్తే పైదీ కిందదీ రెండంకెలూ తేదీ వేసి రాసిచ్చేదాకా అక్కడినుంచి కదలకండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.