హోదా చూసి వెలుగు

ఆఫీసు గ్రూప్ ఫొటోకు మన దేశంలో ఓ రాజ్యాంగం ఉంది. ఎవరూ రాయలేదు, అందరూ పాటిస్తారు. ముందు వరస కుర్చీల్లో అధికారులు, నడిమి కుర్చీలో ఎండీ, వెనక నిలబడ్డ గుమస్తాలు, చివరన సగం ముఖం మాత్రమే ఫ్రేములో పడ్డ అటెండరు. కింద అట్ట మీద ‘కూర్చున్నవారు: ఎడమ నుంచి కుడికి’ అంటూ పేర్లు. ఇది దర్బారుల నాటి వాసన. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన లాలా దీన్ దయాళ్ ఆరో నిజాం కొలువును, బ్రిటిష్ దొరలను కెమెరాకెక్కించిన రోజుల్లో గ్రూప్ ఫొటో అంటే హోదాల పట్టికే. దర్బారులు పోయాయి, పట్టిక మిగిలింది.

నేటి కంపెనీలకు ఆ కుర్చీల వరస మోటుగా కనిపిస్తోంది. వెబ్‌సైట్‌లో, లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోవడానికి స్టైలిష్ పోర్ట్రెయిట్లు కావాలి. అందుకు పుదుచ్చేరి లాంటి ఊరు దక్షిణాదిలో అరుదు. పసుపు గోడలు, తెల్లని అంచులు, వాటి మీదికి వాలిన కాగితం పూల తీగలు, నాలుగడుగులు వేస్తే సముద్రం. కానీ కుర్చీలు తీసేసినంత మాత్రాన రాజ్యాంగం మారదు. హోదా కుర్చీలోంచి లేచి వెలుగులోకి చేరుతుంది. బాస్‌కు అరగంట, రెండు లైట్లు, మూడు చొక్కాలు. అకౌంట్స్ అమ్మాయికి రెండు నిమిషాలు, నెత్తి మీద ట్యూబ్‌లైటు. ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెడితే ఒకటి సినిమా పోస్టరు, రెండోది రేషన్ కార్డు. ముఖం చూసి బొట్టు పెట్టడమంటే ఇదే.

ఇంతకంటే మంచి పాఠం పుదుచ్చేరిలోనే ఉంది. మాగ్నమ్ ఫొటో సంస్థ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ కార్టియర్ బ్రెసాన్ 1950 ఏప్రిల్‌లో ఇక్కడి అరవిందాశ్రమానికి వచ్చారు. ఏళ్ల తరబడి కెమెరాకు దూరంగా ఉన్న శ్రీ అరవిందులు ఆయనకు అనుమతిచ్చారు. ఆ డిసెంబర్ 5న అరవిందులు కన్నుమూయడంతో ఆ చిత్రాలకు మరింత విలువ వచ్చింది. అయితే కార్టియర్ బ్రెసాన్ గురువుతోనే ఆగలేదు. ఆశ్రమవాసుల పనిపాటలనూ అంతే శ్రద్ధగా తీశారు. ఫ్లాష్ అంటే ఆయనకు గిట్టదు. ఉన్న వెలుతురే గురువుకూ, శిష్యుడికీ.

ఆ సూత్రాన్ని మన షూటింగ్‌కు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. పుదుచ్చేరి బీచ్ రోడ్డు తూర్పు ముఖం. సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం దాకా వాహనాలను రానివ్వరు కాబట్టి తెల్లవారుజామున దారి ఖాళీ. అయితే సూర్యుడు కాస్త పైకి రాగానే సముద్రం వైపు తిరిగిన ప్రతివారూ కళ్లు చికిలిస్తారు. అప్పుడు వరండా నీడకు చేరడం మేలు. అక్కడ వెలుతురు మెత్తగా, అందరి మీదా సమానంగా పడుతుంది. పసుపు గోడకు ఆనుకుని నిలబడితే ఆ రంగు చెంపల మీద తేలుతుంది. నాలుగైదు అడుగులు ముందుకు జరగాలి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరా తీరపు గాలికి ఆవిరి పడుతుంది. అరగంట ముందే సంచీతో సహా బయట పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, అందరికీ ఒకే లెన్సు, ఒకే దూరం, కళ్ల ఎత్తులో కెమెరా. బాస్‌ను కింది నుంచి, క్లర్కును పై నుంచి తీస్తే ఒకరు కొండ, మరొకరు గులకరాయి అవుతారు.

అసలు పేచీ తీశాక మొదలవుతుంది. ఒకప్పుడు కోడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ‘షెర్లీ కార్డు’ వాడేవారు. అందులో ఉన్నది తెల్లజాతి యువతి. ఆమె చర్మానికి కుదిరిన కొలత నల్లని ముఖాలకు కుదరలేదు. చీకట్లో పళ్లు, కళ్లు తప్ప మరేమీ కనిపించని ఫొటోలు అలా పుట్టాయి. ఇప్పుడా ఫిల్మ్ లేదు. దాని స్థానంలో ‘బ్యూటీ’ ఫిల్టరు, కృత్రిమ మేధ వచ్చాయి. చామనఛాయ ఉద్యోగిని నిమిషంలో గోధుమ రంగుకు మార్చి, ముక్కును సన్నబరిచి, పదేళ్ల వయసు కోసేస్తాయి. ‘బాగా వచ్చింది కదా’ అని మేనేజరు మురిసిపోతాడు. ఆ ఉద్యోగికి మాత్రం వేరే మాట వినిపిస్తుంది: నీ పని పనికొస్తుంది, నీ ముఖం పనికిరాదు.

మొటిమ తీసేయొచ్చు, చొక్కా మీది కాఫీ మరక చెరిపేయొచ్చు. అవి రేపటికి పోయేవే. రంగు, ముక్కు, ముడతలు మనిషివి. వాటి జోలికి వెళ్లకూడదు. తీసిన నాలుగు ఫొటోల్లో ఏది వాడాలో ఎంచుకునే హక్కు కూడా ఆ మనిషిదే. ఖాతాదారు ఆఫీసుకొచ్చి ఫొటోలో చూసిన మనిషిని గుర్తుపట్టలేకపోతే ఆ పోర్ట్రెయిట్ ఎంత స్టైల్‌గా ఉన్నా దండగే.

ఈసారి కంపెనీ బృందం పుదుచ్చేరి బండి ఎక్కితే వరస తిరగేయండి. పొద్దుటి మొదటి పావుగంట అటెండరుకు ఇవ్వండి. లైటు, దూరం, నేపథ్యం ఆయనకు కుదిరేదాకా సరిచూసుకోండి. తర్వాత ఏదీ కదల్చకుండా అదే చోట ఎండీగారిని నిలబెట్టండి.