అమ్మ టీలో పాలు

ఈ నెల వంటింటి మాటలు నేర్చుకుందాం.

పోయిన నెల మా అమ్మ టీలో పాలు మానేసింది. పెరుగు కూడా మానేసింది. అమ్మకు 79 ఏళ్లు. మేము ఇంట్లో క్రియోల్ మాట్లాడుకుంటాం. ఆమె మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మందిరంలో ఎవరో చెప్పారు. పాలలో ఉండే ప్రోటీన్ గుండెకు చెడ్డదట" అంది అమ్మ.

నేను నవ్వలేదు. మా నాన్నగారు 1985లో గుండెపోటుతో పోయారు. అప్పుడు ఆయనకు 43 ఏళ్లే. అమ్మ భయం నాకు తెలుసు. కానీ ఆ రోజే ఆమె వేడి అన్నంలో రెండు చెంచాల నెయ్యి వేసుకుంది!

పాల ప్రోటీన్‌లో ఎక్కువ భాగం కేసీన్. అందులో ఏ1, ఏ2 అనే రకాలు ఉన్నాయి. ఏ1 రకం వల్ల గుండెజబ్బు వస్తుందేమో అని కొందరు పరిశోధకులు అనుమానించారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆ పరిశోధనలను పరిశీలించింది. ప్రోటీన్‌కూ జబ్బుకూ కారణ సంబంధం రుజువు కాలేదని 2009లో చెప్పింది.

కొవ్వు సంగతి వేరు. నెయ్యి, వెన్న చల్లబడితే గడ్డకడతాయి. వాటిలో సంతృప్త కొవ్వు ఎక్కువ. అది రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుంది. ఆ కొలెస్టరాల్ రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. దారి ఇరుకవుతుంది.

దీనికి మంచి ఉదాహరణ మన మారిషస్‌లోనే ఉంది. చిన్నప్పుడు నేను దుకాణం నుంచి రేషన్ నూనె తెచ్చేదాన్ని. అందులో ఎక్కువ భాగం పామాయిల్. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. 1987లో ప్రభుత్వం రేషన్ నూనెను సోయా నూనెగా మార్చింది. సోయాలో ఆ కొవ్వు వందకు 15 పాళ్లే. 1987లో మన పెద్దవాళ్ల సగటు కొలెస్టరాల్ 5.5 మిల్లీమోల్స్. 1992 నాటికి అది 4.7కు దిగింది. అప్పుడు ఆరోగ్య ప్రచారం కూడా జరిగింది. కానీ ఈ తగ్గుదలలో పెద్ద వాటా నూనె మార్పుదే అని పరిశోధకులు అంచనా వేశారు. మధుమేహం మాత్రం తగ్గలేదు. నూనె ఒక్కటే అన్నీ బాగు చేయదు.

ఇదంతా అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"నూనె మారింది ఎప్పుడన్నావు?"

"1987లో అమ్మా."

"మీ నాన్న పోయిన రెండేళ్లకు" అంది.

ఆ నూనె వల్లే నాన్నగారు పోయారని నేను అనలేను. ఆయన సిగరెట్లు కూడా బాగా కాల్చేవారు. అమ్మకు అదే చెప్పాను. తరవాత ఇంకో మాట చెప్పాను: "నీ వయసులో కండరాలకు ప్రోటీన్ కావాలి. పాలు మానకు, నెయ్యి తగ్గించు."

ఇప్పుడు అమ్మ టీలో కొవ్వు తీసిన పాలపొడి వేసుకుంటోంది. పెరుగు మళ్లీ తింటోంది. నెయ్యి పండుగ రోజున ఒక్క చెంచా. గాతో పిమాలు మాత్రం ఇంకా మానలేదు. దాని సంగతి మరో నెలలో!

ఈ నెల మాటలు
నూనె: క్రియోల్‌లో దిల్విల్.
పాలు: దిలే.
కొవ్వు: లగ్రెస్.
గుండె: లెకెర్.

ఈ నెల పని
మీ ఇంట్లో ఏ నూనె వాడతారు? సీసా మీద చదవండి. అమ్మమ్మనో నానమ్మనో అడగండి: "మీ చిన్నప్పుడు ఏ నూనె వాడేవారు?" జవాబు మూడు తెలుగు వాక్యాల్లో రాయండి.