కైరోప్రాక్టిక్‌కు లైసెన్సే లేదు.. మరి శిక్ష దేనికి?

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్): మెడను, వెన్నుపూసలను చేతితో ఒడుపుగా నొక్కి నొప్పి తగ్గిస్తామనే కైరోప్రాక్టిక్ చికిత్సను అండమాన్ నికోబార్ దీవుల్లో లైసెన్సు లేకుండా చేస్తే ఏ శిక్ష పడుతుంది? ప్రశ్న సూటిగా ఉన్నా సమాధానం అలా లేదు. ఆ లైసెన్సు ఇచ్చే సంస్థే భారతదేశంలో లేదు. ఫిజియోథెరపిస్టు వంటి వృత్తులకు గుర్తింపునిచ్చిన 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూలులోనూ కైరోప్రాక్టర్ పేరు కనిపించదు.

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2012 మార్చి నుంచి దీవుల్లో అమలులో ఉంది. నమోదు లేకుండా వైద్య కేంద్రం నడిపితే తొలిసారి రూ.50 వేలు, రెండోసారి రూ.2 లక్షలు, ఆపైన రూ.5 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. కానీ ఆ చట్టం పరిధి అల్లోపతి, ఆయుర్వేదం, యోగ, ప్రకృతి చికిత్స, హోమియో, సిద్ధ, యునాని వంటి గుర్తింపు పొందిన విధానాలదే. తమ చికిత్స వాటిలో లేదు కాబట్టి చట్టం తమకు వర్తించదని నిర్వాహకులు వాదించే వీలుంది. గుర్తింపు లేకపోవడమే రక్షణగా మారడం విడ్డూరం.

అయితే అర్హత గల వైద్యుడినని చెప్పుకొని రోగ నిర్ధారణ చేసినా, మందులు రాసినా పరిస్థితి మారుతుంది. జాతీయ వైద్య కమిషన్ చట్టం (2019) 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 1956 నాటి పాత చట్టంలో జరిమానా వెయ్యి రూపాయలకు మించేది కాదు. తనకు తెలియని వైద్య విధానంలో చికిత్స చేసేవాడు నకిలీ వైద్యుడేనని పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

అసలు కఠినత్వం ప్రమాదం జరిగాకే మొదలవుతుంది. మెడను అకస్మాత్తుగా తిప్పినప్పుడు రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. నిర్లక్ష్యంతో తీవ్రంగా గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. మరణం సంభవిస్తే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు. నమోదైన వైద్యుడికి అదే నేరంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఆ సడలింపు కైరోప్రాక్టర్‌కు దక్కదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో చేపల వేట, కూలి పనులతో నడుము అరిగేవారు ఎందరో. పుత్తూరు కట్టు తెలిసిన జాతికి చేతి వైద్యంపై నమ్మకమూ కొత్త కాదు. నష్టపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు చెల్లించిన రుసుము రసీదు కీలకం.

ఈ విద్యకు ఆద్యుడైన డి.డి. పామర్‌ను లైసెన్సు లేని వైద్యం చేశాడని అమెరికాలో 1906లో జైలుకు పంపారు. ఆ దేశంలో చివరిగా లైసెన్సు విధానం తెచ్చిన రాష్ట్రం లూసియానా, 1974లో. ఇక్కడ అందుకు కొత్త చట్టం చేయనక్కర్లేదు. కమిషన్‌ను సంప్రదించి షెడ్యూలును సవరించే అధికారాన్ని 2021 చట్టమే కేంద్రానికి ఇచ్చింది.