డిఫెన్స్ లాయర్ ఎవరి వైపు?

పెద్ద కేసు ఏది బయటికొచ్చినా కామెంట్లలో ఒక ప్రశ్న గ్యారంటీ. ‘ఇలాంటోడి తరఫున వాదించడానికి ఆ లాయర్‌కి మనసెలా ఒప్పింది?’ ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నా పని సాఫ్ట్‌వేర్. మా దగ్గర కోడ్ రాసినవాడే ‘అంతా బాగుంది’ అంటే ఎవరూ నమ్మరు. టెస్టర్ కూర్చుని లొసుగులు వెతకాల్సిందే. టీమ్‌కి చిరాకే, కానీ యూజర్ బతికిపోతాడు. కోర్టులో ఆ టెస్టర్ పేరే డిఫెన్స్ లాయర్.

ముంబై 26/11 కేసు చూడండి. 2008లో జరిగిన ఆ దాడుల్లో 166 మంది చనిపోయారు. కసబ్‌కి ఉరి పడింది, అందరికీ తెలుసు. అదే కేసులో ఇంకో ఇద్దరు భారతీయులు కూడా నిందితులని చాలామందికి గుర్తుండదు. దాడికి మ్యాపులు తయారు చేసిచ్చారని వాళ్ల మీద ఆరోపణ. 2010 మేలో ట్రయల్ కోర్టు ఆ సాక్ష్యాన్ని నమ్మలేదు, ఇద్దర్నీ నిర్దోషులంది. 2012లో సుప్రీంకోర్టు కసబ్ ఉరిని ఖాయం చేస్తూనే, ఆ తీర్పు కూడా కరెక్టే అంది. ఆ ఇద్దరిలో ఒకరి లాయర్ షాహిద్ ఆజ్మీ మాత్రం తీర్పు వినలేదు. 2010 ఫిబ్రవరిలో ఆయన్ని ఆఫీసులోనే కాల్చి చంపారు. హన్సల్ మెహతా సినిమా ‘షాహిద్’ ఆయన కథే.

‘టెర్రరిస్టుల కేసులు మనకెందుకు బాస్’ అంటారా? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షన్ ఒకటుంది. వ్యవస్థీకృత నేరాల గురించి. కిడ్నాప్, సుపారీ హత్యలు, డ్రగ్స్‌తో పాటు సైబర్ నేరాలు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. ఆ నేరంలో ఎవరి ప్రాణమూ పోకపోతే శిక్ష కనీసం ఐదేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. జరిమానా కనీసం 5 లక్షలు.

ఇప్పుడు ఊహించండి. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న ఒక కుర్రాడు. ‘నీ బ్యాంక్ అకౌంట్ కాస్త వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం’ అని పరిచయస్తుడు అడిగాడు. ఇచ్చేశాడు. అందులో సైబర్ మోసం డబ్బు పడింది. పోలీసులు 111 కూడా పెట్టారు.

ఇక్కడ లాయర్ అడిగేవి సింపుల్ ప్రశ్నలు. గత పదేళ్లలో ఒకటికి మించి ఛార్జిషీట్లు ఉండాలని ఆ సెక్షనే చెబుతోంది కదా, ఉన్నాయా? నేరానికి ‘తెలిసి’ సాయం చేస్తేనే శిక్ష అని ఉంది కదా, వీడికి తెలుసని రుజువేది? ఫోన్‌లోంచి తీసిన చాట్‌లకి సాక్ష్య చట్టం 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్ ఉందా? అందులో హ్యాష్ వేల్యూ రాశారా? హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మార్చినా దొరికిపోతుంది.

వీటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు, ట్రిక్ కాదు. చట్టం పెట్టిన కండిషన్లు. అన్నీ నెరవేరాయో లేదో చూడమంటున్నాడంతే. ‘తెలిసి’ అన్న ఒక్క మాట మీద ఆ కుర్రాడి ఐదేళ్లు ఆధారపడి ఉన్నాయి.

మరి నిజంగా తప్పు చేసినోడు తప్పించుకుంటే? ఒక్కోసారి తప్పించుకుంటాడు, కాదనను. కానీ గట్టిగా నిలదీశాక కూడా నిలిచిన కేసు పైకోర్టులోనూ నిలుస్తుంది. కసబ్ శిక్ష మూడు కోర్టుల్లో నిలబడిందంటే, ప్రతి దశలోనూ అతని తరఫున లాయర్ ఉన్నాడు కాబట్టే ఆ తీర్పుని ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది.

ఈ మూడు గుర్తుపెట్టుకోండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. నచ్చిన లాయర్‌తో మాట్లాడనివ్వాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇవి రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కులు. డబ్బు లేదని ఆగక్కర్లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. నంబర్ 15100.

ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పక్కింటి కుర్రాడి కోసమైనా పనికొస్తుంది. అకౌంట్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.