డాక్టరు బాబు పరీక్ష ఎందుకు చేయించుకోలేదు?

సీరియళ్ళు చూసే ఆడవాళ్ళను చూసి నవ్వడం చదువుకున్న మగాళ్ళకు అలవాటైపోయింది. మన సంఘాల్లో తిరిగే కుర్రాళ్ళూ అంతే. మీటింగు పెడదామంటే "ఏడున్నరకొద్దు సార్, ఒక్క ఆడమనిషి రాదు" అని విసుక్కుంటారు. రారు, నిజమే. కానీ ఆ టీవీ ముందు ఏం మాట్లాడుకుంటున్నారో ఈ కుర్రాళ్ళు ఒక్కనాడైనా కూర్చుని విన్నారా?

2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో 'కార్తీకదీపం' నడిచింది. పదిహేను వందలకు పైగా భాగాలు. కథంతా ఒక్క అనుమానం మీద నడిచింది. డాక్టరు కార్తీక్‌కు పిల్లలు పుట్టే యోగం లేదని మోనిత అనే ఇంకో డాక్టరు నమ్మిస్తుంది. భార్య దీప కడుపుతో ఉంటే ఆ బిడ్డ నాది కాదంటాడు. ఆమె ఇల్లొదిలి బస్తీలో వంటలు చేసుకుని బతుకుతుంది. ఇక మన పేటల్లో ఏళ్ళ తరబడి ఒకటే తగువు. వాడు గుండె డాక్టరు గదా, ఊరందరికీ పరీక్షలు రాస్తాడు గదా, తను ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోదా?

"తేలిపోతే సీరియలెట్టా నడుస్తది" అని ఒకామె. "ఆ మోనిత రిపోర్టు మార్చేస్తదే" అని ఇంకొకామె. "మారిస్తే ఇంకోచోట చేయించుకోమను, హైదరాబాదులో ఒకటే లాబుందా" అని మూడో ఆమె. సంతకం చేయడం రాని తల్లుల మాటలివి. సాక్ష్యం ఏది, అది ఎవరి చేతిలో ఉంది, దాన్ని తారుమారు చేయగలిగేది ఎవరు? ప్లీడరు ఇంతకంటే ఏమడుగుతాడు? వేలిముద్ర వేయించుకుని కూలి ఎగ్గొట్టిన ఆసాముల మధ్య బతికిన జనానికి కాగితాన్ని అనుమానించడం ఒకరు నేర్పాలా?

అయితే ఇంత తగువులోనూ కొన్ని ప్రశ్నలు రావు. దీప నల్లగా ఉందని అత్త సౌందర్య మొదట్లో ఈసడిస్తుంది. ఆ వేషం వేసిన ప్రేమీ విశ్వనాథ్ నల్లటి మనిషి కాదు, రంగు పూసి నలుపు చేశారు. దీనికి మూలమైన మలయాళం సీరియల్ 'కరుత్తముత్తు'లోనూ ఇదే వరస. నలుపును ఛీకొట్టొద్దని చెప్పే కథకు ఒక నల్లపిల్ల దొరకలేదట! ఇంకోటి. ఆ అత్త నోటెంట రంగు వస్తుంది గానీ కులం రాదు. మన దేశంలో నలుపును ఈసడించే నోరు నీదే కులమని అడక్కుండా ఊరుకుంటుందా? చీర నలగకుండా ఎట్టా పడుకుందని అడిగే మనవాళ్ళు ఇది మాత్రం అడగరు.

ఆ పరీక్ష సంగతికే వస్తాను. నిజానికి పెళ్ళాం బిడ్డ విషయంలో చట్టం ఎప్పుడో తేల్చేసింది. కాపురంలో ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అని 1872 సాక్ష్యాధారాల చట్టం నుంచీ ఉంది. 2024 జులైలో కొత్త చట్టం వచ్చినా ఆ మాట అట్లాగే ఉంచారు. కాదనేవాడే ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువు చేసుకోవాలి. మొగుడు అడిగాడు గదా అని ప్రతిదానికీ రక్తపరీక్షకు ఆదేశించకూడదని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దీప ఎవరికీ ఏ పరీక్షా బాకీ లేదు. పరీక్ష చేయించు, తేలిపోద్ది అని మనం కేకలేస్తున్నప్పుడు మనకు తెలీకుండానే ఆమెను నిప్పుల్లో దూకమంటున్నాం.

మరి ఆ పరీక్ష ఎవరికి పనికొస్తుంది? కేరళ తలశ్శేరి కోర్టులో 1989లో ఒక మగాడు ఆ బిడ్డకూ నాకూ సంబంధం లేదన్నాడు. మన హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ చేసిన డీఎన్ఏ పరీక్షలో అతడే తండ్రని తేలింది. కోర్టు ఒప్పుకుంది. ఈ దేశంలో డీఎన్ఏ సాక్ష్యం కోర్టుకెక్కిన తొలి కేసుల్లో అదొకటి. ఎక్కింది బిడ్డ తరఫున!

మన పేటల్లో జరిగేది ఈ రెండో కథే. మిరపకోతలకు పోయిన పిల్లను ఆసామి కొడుకు పెళ్ళి చేసుకుంటానని నమ్మిస్తాడు. కడుపొచ్చాక నాకేం తెలీదంటాడు. రచ్చబండ మీద పెద్దమనుషులు పిల్లనే నిలబెట్టి ఇంకా ఎవరెవరితో తిరిగావని అడుగుతారు. చేతిలో కొన్ని వేలు పెట్టి కాగితం రాయించుకుంటారు. మన పెద్దలూ "పరువు పోద్దిలే" అని తలూపుతారు. టీవీ ముందు అంతగా అరిచిన నోళ్ళు అప్పుడేమవుతాయి? "రెండో లాబు లేదా" అన్న ఆమె ఆ రచ్చబండ దగ్గర లేచి, "వాడికి పరీక్ష చేయించండయ్యా" అనొద్దా?

అనడానికి చట్టం ఉంది. పెళ్ళయినా కాకపోయినా పుట్టిన బిడ్డకు తండ్రి భరణం ఇవ్వాల్సిందే. ఇది పాత నేరవిచారణ చట్టంలో 125వ సెక్షను, 2024 నుంచి కొత్త చట్టంలో 144. అత్యాచారం కేసులో ముద్దాయి వైద్యపరీక్షలో డీఎన్ఏ నమూనా తీయడాన్ని 2005 సవరణలో చేర్చారు. పిల్లకు పద్దెనిమిది నిండకపోతే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఊళ్ళో ఎంత పెద్దమనిషైనా దాన్ని రాజీ చేయలేడు. పైకులపువాడు మనపిల్లను చెరిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉండనే ఉంది. వకీలుకు డబ్బెక్కడిదని ఆగొద్దు. ఎస్సీ ఎస్టీలకూ ఆడవాళ్ళందరికీ ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1987 న్యాయసేవల చట్టంలో ఉంది. కోర్టు ఆవరణలోనే ఆ కమిటీ ఆఫీసు ఉంటుంది. రచ్చబండ కాగితం మీద పిల్లచేత వేలిముద్ర వేయించకముందే అక్కడికి పోవాలి.