పేరొక్కటే... పెట్టెలో సరుకు వేరు!

కౌన్సెలింగ్ ముగిసి ఇంజినీరింగ్ సీటు ఖాయమైందంటే ఇంట్లో తరవాతి చర్చ ల్యాప్‌టాప్ గురించే. అంబర్‌పేట, నారాయణగూడ, చిక్కడపల్లి వైపు మధ్యతరగతి ఇళ్లలో చిట్టీ డబ్బులో, దాచుకున్న బోనసో బయటికి తీసి, పిల్లల్ని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి బయల్దేరతారు. అక్కడ ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే కనిపిస్తాయి. ధరలో మాత్రం ఏడెనిమిది వేలు తేడా. ‘రెండూ ఒకటే కదా, తక్కువదే తీసుకుందాం’ అనిపించడం సహజం.

కానీ రెండూ ఒకటి కాకపోవచ్చు. సోనామసూరి బస్తా మీద పేరు ఒక్కటే ఉన్నా కొత్త బియ్యమా, పాత బియ్యమా అని అడక్కుండా ఎవరైనా కొంటారా? ఆ ప్రశ్న ల్యాప్‌టాప్ దగ్గరా వేయాలి. బియ్యం నచ్చకపోతే వచ్చే నెల మార్చుకోవచ్చు. ఇది నాలుగేళ్ల చదువుకి తోడుండాల్సిన వస్తువు మరి!

అంకెల్లోనే అసలు కథ

‘రైజెన్ 5’ అని స్టిక్కర్ చూడగానే తృప్తి పడిపోకూడదు. పక్కనున్న అంకెలూ చదవాలి. ఏఎండీ సంస్థ 2023లో తెచ్చిన 7000 వరసలో మొదటి అంకె ఏడాదిని చెబుతుంది. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు... చూడ్డానికి కవలల్లా ఉంటాయి. కానీ మొదటిది 2019 నాటి జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్‌లు. రెండోది జెన్ 3, ఆరు కోర్‌లు. మూడో అంకె 4 ఉంటే అది జెన్ 4. ఒక్క అంకె తేడాలో ఇంత దూరం ఉంది.

ఇంటెల్‌లో చివరి అక్షరాన్ని చూడాలి. ఐ5-1235యు, ఐ5-12450హెచ్ రెండూ పన్నెండో తరానివే. మొదటిదాంట్లో పది కోర్‌లు, రెండోదాంట్లో ఎనిమిదే. అయినా బరువైన పనుల్లో ఎనిమిది కోర్‌లదే పైచేయి. కారణం... పదింట్లో శక్తిమంతమైనవి రెండే, ఎనిమిదింట్లో నాలుగు. పైగా యు రకం 15 వాట్ల కోసం తయారైతే, హెచ్ రకం 45 వాట్ల కోసం తయారైంది. అలాగని హెచ్ ఎప్పుడూ మంచిదనీ కాదు. వేడి, బరువు, బ్యాటరీ ఖర్చు దానికే ఎక్కువ. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకుంటూ పీడీఎఫ్‌లు, వీడియో పాఠాలు చూసుకునేవారికి యు రకం చక్కగా సరిపోతుంది.

2023 చివర్లో ఇంటెల్ ‘కోర్ అల్ట్రా’ తెచ్చింది. ఆ తరవాత ‘ఐ’ తీసేసి వట్టి ‘కోర్ 5’ పేరుతోనూ చిప్‌లు వచ్చాయి. కోర్ 5 120యు, కోర్ అల్ట్రా 5 125యు ఒకటే అనుకుంటే పొరపాటు. మొదటిదాంట్లో ఉన్నది అంతకుముందు తరం నిర్మాణమే.

గేమ్‌లు, త్రీడీ డిజైన్ల కోసం గ్రాఫిక్స్ కార్డు కావాలనుకునేవారు వాట్లు అడగాలి. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4050 అనే పేరు 35 వాట్ల దానికీ ఉంటుంది, 115 వాట్ల దానికీ ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3050లోనూ 4 జీబీ, 6 జీబీ రకాలు ఉన్నాయి.

పూర్తి నంబరే ఆధార్

మరి తేడా తెలిసేదెలా? పెట్టె మీదుండే పూర్తి మోడల్ నంబరే దానికి ఆధార్ కార్డు లాంటిది. హెచ్‌పీ నంబర్ల చివర ‘టీయూ’ ఉంటే ఇంటెల్ చిప్‌తో విడి గ్రాఫిక్స్ కార్డు లేని రకం, ‘టీఎక్స్’ ఉంటే కార్డు ఉన్న రకం. లెనోవోలో పది అక్షరాల, అంకెల నంబరు ఉంటుంది. మొదటి నాలుగూ ఒకటైనా మిగతా ఆరూ మారితే లోపలి సరుకు మారినట్టే. ఆ పది అంకెల్నీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే జాతకం మొత్తం వస్తుంది. డెల్‌లో అయితే ఏడక్షరాల సర్వీస్ ట్యాగ్ ఆ పని చేస్తుంది. షాపులోనే ఫోన్‌లో చూసుకోవచ్చు. ‘ఏం కాదండీ, అన్నీ ఒకటే’ అని తొందరపెట్టినా ఐదు నిమిషాలు ఆగడంలో తప్పులేదు.

అక్కడ చూడాల్సినవి ఇవి:

* ర్యామ్ 8 జీబీయా, 16 జీబీయా? తరవాత పెంచుకునే స్లాట్ ఉందా? బోర్డుకి అతికించేసి, స్లాట్ లేకపోతే కొన్ననాటిదే చివరిదాకా.

* ర్యామ్ ఒకే స్టిక్కా, రెండా? విడి గ్రాఫిక్స్ కార్డు లేనివాటిలో రెండు ఉంటే బొమ్మల వేగం పెరుగుతుంది.

* స్టోరేజీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీయా, ఈఎంఎంసీయా? రెండోది బాగా నెమ్మది.

* తెర రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీయా, 100 శాతం ఎస్ఆర్‌జీబీయా? డిజైన్, యానిమేషన్ చదివేవారికి ఇది ముఖ్యం. సి, పైథాన్ రాసుకునేవారికి అంత పట్టింపు లేదు.

* విండోస్ ఉందా, వట్టి డాస్‌తో ఇస్తున్నారా? ధర తక్కువకి ఇదీ కారణం కావచ్చు.

బిల్లు భద్రం

బిల్లులో ‘ల్యాప్‌టాప్ - 1’ అని రాస్తే ఒప్పుకోవద్దు. పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోవాలి. సీలు మీ ఎదుటే విప్పించి, ఆ నంబర్లు పెట్టె మీద, యంత్రం అడుగున, బిల్లులో ఒకటేనా అని చూసుకోవాలి. ఆన్ చేశాక టాస్క్ మేనేజర్‌లోని పెర్‌ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి.

చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు. అయితే అక్కడ మాట్లాడేది ఆ బిల్లే. నోటిమాటగా చెప్పిన ‘ఐ5’ కాదు.

అన్నట్టు, అన్నీ సరిచూసుకున్నాక ఖరీదైనదే కొనాలనేం లేదు. పిల్లలు చేసే పనికి తక్కువ రకం చాలనుకుంటే అదే తీసుకోండి. మిగిలిన డబ్బు పుస్తకాలకో, బస్ పాస్‌కో పనికొస్తుంది. తెలిసి తక్కువది కొంటే అది పొదుపు. తెలియక కొంటేనే నష్టం!